పెళ్లి ముందు, ప్రేమ వెనక

రుమేనియాలో రాజకీయ ఖైదీగా పన్నెండేళ్లు జైల్లో మగ్గిన ఒకావిడ, తనకూ తోటి ఖైదీలకూ మతి చెడకుండా ఒకే నవల కథను మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చిందట. బయటపడ్డాక ఆ సంగతి రచయిత్రికి ఉత్తరం రాసింది. అంతటి నవల ఏ టాల్‌స్టాయ్‌దో అయ్యుంటుందనుకుంటాం. తీరా చూస్తే అది జార్జెట్ హేయర్ 1944లో అచ్చువేసిన ‘ఫ్రైడేస్ చైల్డ్’. ఆస్తి కోసం ఆదరాబాదరా పెళ్లి చేసుకున్న ఓ కుర్ర ప్రభువు, లోకం తెలియని అతని పెళ్లాం, వాళ్ల తిప్పలు. అంతే కథ. అభిమానులకూ పత్రికలకూ ఆమడ దూరంలో ఉండే హేయర్ ఆ ఉత్తరాన్ని మాత్రం భద్రంగా దాచుకుంది.

జైలు గోడల మధ్య పన్నెండేళ్లు నిలిచిన జంటలో అంత ఏముంది? నవల తెరిస్తే ముందు కనబడేది ఆస్తి తగాదా. ఆ కుర్ర ప్రభువు షెరీకి తండ్రి లేడు. ఆస్తి ధర్మకర్తల చేతిలో ఉంది. అతనికి పాతికేళ్లు నిండాలి, లేదా పెళ్లయినా కావాలి, అప్పుడుగానీ చేతికి రాదు. లండన్ అంతా వెంటపడుతున్న ఇజబెల్లాను అడిగాడు. ఆమె కాదు పొమ్మంది. ఆ ఉక్రోషంలో, ఎదురుపడిన మొదటి ఆడపిల్లనే చేసుకుంటానని ఒట్టేసుకుని బయల్దేరాడు. దారిలో ఓ గోడ మీద కూర్చుని హీరో కనబడింది. అవును, ఆ పిల్ల పేరే హీరో. తల్లీతండ్రీ లేరు, బంధువుల పంచన పడి ఉంది, ఇంకా పదిహేడు నిండలేదు. మతగురువును కట్టుకుంటావా, పంతులమ్మగా పోతావా అని ఇంట్లో ఒకటే పోరు. షెరీ ఆమెను బండెక్కించుకుని లండన్ పోయి, స్పెషల్ లైసెన్సు సంపాదించి మనువాడేశాడు.

అసలు నవల ఇక్కడే మొదలవుతుంది. షెరీ తన స్నేహితుల ముందు వాగే మాటలే పెళ్లాం ముందూ వాగుతాడు. ఆమె వాటిని పెద్దవాళ్ల విందుల్లో అమాయకంగా అప్పజెబుతుంది. పరువు పోయిందని అతను కేకలేస్తాడు. నేర్పింది తనేనని మాత్రం తట్టదు. చివరికి ఆమె బండి పందేనికి సిద్ధపడిందని తెలిసి అగ్గిమీద గుగ్గిలమైతే, ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోయి అతని స్నేహితుడి ఇంటి పెద్దావిడ దగ్గర చేరుతుంది. ఖాళీ ఇంట్లో తిరుగుతున్నప్పుడుగానీ షెరీకి తన మనసు తనకు తెలియదు.

కథ నడిచే ఇంగ్లండ్‌ను కాస్త పట్టి చూడాలి. నాకు ఆ కాలమంటే మమకారం, ఓపిక పట్టండి. మూడో జార్జి రాజుకు మతి చెడి, 1811 నుంచి 1820 దాకా కొడుకు రాజప్రతినిధిగా ఏలిన తొమ్మిదేళ్లు. 1753 నాటి చట్టం ప్రకారం ఇరవై ఒకటి నిండనివాళ్లు లైసెన్సు మీద పెళ్లాడాలంటే పెద్దల ఒప్పుదల కావాలి. అది దొరకని జంటలు రాత్రికి రాత్రి గుర్రబ్బండెక్కి స్కాట్లండ్ సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌లో పెళ్లాడేవి. పెళ్లయితే భార్య సొమ్ము భర్తదే. విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చెయ్యాలి. సంబంధాల సంత ఆల్మాక్స్ అనే నాట్యశాల. అందులో అడుగు పెట్టాలంటే నిర్వాహకులైన దొరసానుల దయ ఉండాలి, టికెట్టు ఉండాలి. ఇంతా చేసి లోపలికెళితే పెట్టేది బ్రెడ్డూ బటరూ, నిమ్మరసం. అలాంటి లోకంలో అలిగి చేసుకున్న పెళ్లికి వెనక్కి దారి లేదు. ప్రేమ పుడితే ఆ నాలుగు గోడల మధ్యే పుట్టాలి. ఖైదీలకు ఆ ముక్క ఇంకాస్త బాగా అర్థమై ఉంటుంది.

హేయర్‌కు ఇదంతా కరతలామలకం. 1902లో పుట్టింది. జబ్బుపడ్డ తమ్ముడికి కాలక్షేపంగా అల్లిన కథ 1921లో ఆమె తొలి నవలగా వచ్చింది. 1926లో ‘దీజ్ ఓల్డ్ షేడ్స్’ వెలువడే వేళకు బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె. పేపర్లు లేవు, సమీక్షలు లేవు, ప్రకటనలు లేవు. అయినా 1,90,000 ప్రతులు పోయాయి. ప్రచారం దండగన్న నమ్మకం ఆమెకు అప్పుడే కుదిరిందంటారు. గనుల ఇంజనీరైన భర్తతో టాంగన్యీకా అడవుల్లో గడ్డి కప్పిన ఇంట్లో కాపురం ఉంటూ కూడా పాతకాలపు ఇంగ్లండ్ కథలే రాసింది. బండ్ల రకాలు, టోపీల తీరు, వీధి యాస, సరుకుల ధరలు నోటు పుస్తకాల నిండా ఎక్కించుకుంది.

పెళ్లి ముందు, కథ తర్వాత అన్న పద్ధతి మాత్రం ఆమె కనిపెట్టింది కాదు. సుమారు క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఖారిటాన్ అనే గ్రీకు రచయిత రాసిన ‘కల్లిరోయె’ తనకు దాదాపు అయిదు వందల ఏళ్ల కిందటి సిరక్యూజ్ నగరంలో నడుస్తుంది. చారిత్రక ప్రేమ నవలకు తాతమ్మ అనదగ్గది అదే. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుడు అనుమానంతో తంతే కల్లిరోయె చచ్చినట్టు పడిపోతుంది. నగలతో సహా సమాధి చేస్తారు. దొంగలు తవ్వి, బతికున్న మనిషిని ఎత్తుకెళ్లి మిలీటస్‌లో అమ్మేస్తారు. అప్పటికే కడుపుతో ఉన్న ఆమె, బిడ్డ కోసం డయొనీసియస్ అనే మంచివాణ్ని పెళ్లాడుతుంది. చివరికి మొదటి మొగుడు దొరుకుతాడు. వెళ్లేముందు ఆమె బిడ్డను చూసుకోమని డయొనీసియస్‌కు ఉత్తరం రాస్తుంది, మొగుడికి తెలియకుండా. రెండు వేల ఏళ్ల కిందటి ఆ రహస్యపు ఉత్తరం చదివాక, ఆ మొగుడి మీద నాకున్న కాస్త గౌరవం కూడా పోయింది.

అక్కణ్నుంచి పదహారు వందల ఏళ్లు ఒక్క దూకులో దాటుతున్నాను. 1678లో పారిస్‌లో రచయిత పేరు లేకుండా ‘లా ప్రాన్సెస్ ద క్లేవ్’ వచ్చింది. రాసింది మదామ్ ద లాఫాయెట్. వేరొకరి మీద మనసుపడిన భార్య ఆ మాట నేరుగా మొగుడికే చెప్పేస్తుంది. చెప్పొచ్చా, చెప్పకూడదా అని ‘మెర్క్యూర్ గలాన్’ పత్రిక పాఠకులనే అడిగింది. చెప్పకూడదన్నవాళ్లే ఎక్కువ.

జంట బాగోలేదని పాఠకుడు రచయితతో పోట్లాడటం నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గర ముదిరింది. 1819 చివర్లో వచ్చిన ‘ఐవన్‌హో’లో నాయకుడు రొవీనాను చేసుకుంటాడు, చదివినవాళ్ల మనసు మాత్రం యూదుపిల్ల రెబెక్కా మీద. ఆ కాలంలో ఆ పెళ్లి పొసగదని స్కాట్ తర్వాత ముందుమాటలో సమర్థించుకున్నాడు. నవలాకారుడు థాకరే వినలేదు. 1850లో వెటకారపు కొనసాగింపు రాసి రెబెక్కాతో ముడి వేసేశాడు. బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’ (1865)లో జగత్‌సింహుణ్ని ప్రేమించి తప్పుకున్న నవాబు కూతురు ఆయేషా కూడా అంతే. దామోదర్ ముఖోపాధ్యాయ ఆమె పేరిట మరో నవలే రాశాడు.

మన అడవి బాపిరాజు ఈ గొడవ రాకుండా తెలివిగా ‘గోన గన్నారెడ్డి’ని పెళ్లి పందిట్లోనే మొదలుపెట్టాడు. గజదొంగ గన్నారెడ్డి పెళ్లికొడుకునే ఎత్తుకుపోతాడు. పెళ్లి తప్పిన అన్నాంబిక ఆ దొంగకే మనసిస్తుంది. కాకతీయ సామంతుల కుట్రలు తీసేస్తే ఆ జంటకు నిలవనీడ ఉండదు.

1972లో అమెరికాలో వచ్చిన ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’తో పేపర్‌బ్యాక్ వరద మొదలైంది. నాయకుడు మొదట చేసేదే బలాత్కారం. ఆ తర్వాత ఎన్నో మంచి నవలలూ వచ్చాయి, ‘బ్రిడ్జర్‌టన్’ సీరియల్‌గా మనింటి తెర మీదికీ వచ్చింది. కానీ గౌన్లు మిగిలినంతగా అప్పుల పద్దులు మిగల్లేదు. హేయర్ జంటలు తిండి, కిరాయి, బాకీల గురించి పోట్లాడుకునేవి. నాకు లోటుగా అనిపించేది ఆ పోట్లాటే.

అందుకే 1961 నాటి ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’ నాకు మరీ ఇష్టం. తండ్రి చేసిన అప్పులు తీర్చడానికి ఆడమ్ ప్రభువు, ప్రేమించిన జూలియాను వదులుకుని, కోటీశ్వరుడైన వ్యాపారి కూతురు జెన్నీని చేసుకుంటాడు. జెన్నీ అందగత్తె కాదు. అతనికి ఏ కూర ఇష్టమో, ఎప్పుడు పలకరించకూడదో ఆమెకు తెలుసు. వాటర్లూ యుద్ధంలో ఓడిపోయామన్న పుకారుకు లండన్ బెంబేలెత్తినప్పుడు, అమ్మేయమని మామగారు మొత్తుకున్నా ఆడమ్ ప్రభుత్వ బాండ్లు కొని ఒక్క దెబ్బతో అప్పుల నుంచి తప్పించుకుంటాడు. డబ్బుతో పడిన ముడి ఇప్పుడు డబ్బుకు లోబడి లేదు. అయినా అతను ఇంటికే వస్తాడు. అది ప్రేమేనా, అలవాటా అని హేయర్ అభిమానులు ఇప్పటికీ రెండు వర్గాలుగా వాదించుకుంటారు. నా ఓటు జెన్నీకే.