ఇండియా ప్రయాణమా? పిల్లల హెపటైటిస్‌-ఎ టీకా సంగతి చూశారా?

ఇండియాకు టికెట్లు కొన్నాక ఇక్కడి స్నేహితురాళ్లు నన్ను అడిగే మాట ఒకటే: "మనం అక్కడే పుట్టి పెరిగాం కదా, మళ్లీ ఈ టీకాలెందుకు?" నేను డాక్టర్ని కాను. బీఎస్సీలో మైక్రోబయాలజీ చదివాను కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను.

మనం కామెర్లు అనే జబ్బుకు ఒక కారణం హెపటైటిస్‌-ఎ వైరస్‌. రోగి మలం నుంచి నీళ్లు, తిండి, కడగని చేతుల ద్వారా ఇంకొకరి నోట్లోకి చేరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సోకిన 15 నుంచి 50 రోజుల్లో బయటపడుతుంది. అందుకే ఊళ్లో అంటుకున్నది ఒక్కోసారి అమెరికా తిరిగొచ్చి, స్కూళ్లు తెరిచాక తెలుస్తుంది.

అక్కడ పెరిగిన మనలో చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా సోకి, జీవితాంతం రక్షణ వచ్చి ఉండవచ్చు. అందరికీ వచ్చిందని మాత్రం అనుకోలేం. యాంటీబాడీల రక్తపరీక్షతో తేలిపోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ రక్షణ టీకాతోనే రావాలి. ఆరేళ్లలోపు వాళ్లలో చాలామందికి లక్షణాలే కనబడవు, కానీ ఇంట్లో అందరికీ అంటించగలరు. పెద్దయ్యేకొద్దీ జబ్బు తీవ్రంగా వస్తుంది.

అమెరికాలో 2006లో 12-23 నెలల పిల్లలందరికీ ఈ టీకా సిఫార్సు చేశారు. కనీసం ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఇండియాలో పుట్టి తర్వాత వచ్చిన పిల్లలకు తప్పిపోయి ఉండవచ్చు, కార్డు చూసుకోండి. 6-11 నెలల పాపను తీసుకెళ్తుంటే ఒక డోసు వేయిస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్లీ రెండూ వేయించాలి. ప్రయాణం దగ్గరపడినా మొదటి డోసు మానకండి. 40 దాటినవారు, కాలేయ జబ్బు లేదా రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవారు రెండు వారాల్లోపే బయల్దేరుతుంటే, టీకాతోపాటు ఇమ్యూన్‌ గ్లోబ్యులిన్‌ కూడా అవసరమా అని డాక్టర్ని అడగాలి.

టీకా వేసుకున్నా టైఫాయిడ్‌, విరేచనాల భయం ఉంటుంది కాబట్టి నీళ్లు మరగకాచే తాగండి. ఐసు వేసిన చెరుకురసం వద్దు, గడ్డకట్టినంత మాత్రాన ఈ వైరస్‌ చావదు. శానిటైజర్‌ను నమ్ముకోకుండా సబ్బుతో చేతులు కడుక్కోండి.

తిరిగొచ్చాక జ్వరం, వాంతులు, ముదురు రంగు మూత్రం, పచ్చబడ్డ కళ్లు కనిపిస్తే ప్రయాణం సంగతి చెప్పి డాక్టరుకు చూపించండి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, చాలామందికి విశ్రాంతితోనే రెండు నెలల్లోపు తగ్గిపోతుంది. పసరు మందులు పోయకండి. టైలెనాల్‌ కూడా అడగకుండా ఇవ్వకండి, ఆ భారం కాలేయం మీదే పడుతుంది. టీకా లేని మిగతా ఇంటివాళ్లు, రోగితో కలిసి ఉన్న రెండు వారాల్లోపు వేయించుకున్నా జబ్బును ఆపే అవకాశం ఉంది.