జూలో వేసవి శిబిరం: హైదరాబాద్ పిల్లలకు సరే, దోర్నపాల్ పిల్లలకు ఏమిటి?

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో మే నెలలో ఒక పిల్లాడు 'క్యాంపుకు వెళ్తున్నా' అన్నాడంటే టోపీ, నీళ్ల సీసా, నోటు పుస్తకం గుర్తుకొస్తాయి. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలోని దోర్నపాల్‌లో అదే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, భద్రతా బలగాల స్థావరం. రెండోది, సల్వాజుడుం రోజుల్లో ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు ఉన్న గుడిసెల వరుస. పిల్లలు సరదాగా వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే క్యాంపు అనే మూడో అర్థం అక్కడ ఇంకా స్థిరపడలేదు.

జంతుప్రదర్శనశాలల్లో జరిగే వేసవి శిబిరాలు ఏమిటి, అవి పిల్లలకు ఏం నేర్పుతాయి, అడవి అంచునే పెరుగుతున్న దోర్నపాల్ పిల్లలకు వాటితో పనేమైనా ఉందా అన్నది ఈ వ్యాసం.

జూ శిబిరం అంటే ఏమిటి?

సాధారణ సందర్శకుడు టికెట్ కొని, బోను ముందు కాసేపు నిలబడి, ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. శిబిరానికి వచ్చిన పిల్లలు అదే బోను వెనక జరిగే పనిని చూస్తారు. ఏ జంతువుకు ఎంత మేత, ఎవరు తూకం వేస్తారు, జబ్బు చేసిందని ఎలా గుర్తిస్తారు, ఎండలకు ఏం ఏర్పాట్లు చేస్తారు వంటివి జూ సిబ్బందే చెబుతారు. ఇవి చాలావరకు పగటి శిబిరాలు. ఉదయం తీసుకొచ్చి సాయంత్రం తీసుకెళ్లాలి. కొన్నిచోట్ల ఒక్క రోజుతో అయిపోతాయి, కొన్నిచోట్ల కొన్ని రోజులు సాగుతాయి.

దేశంలోని పాత జూలలో ఒకటి, 1892లో మొదలైన మైసూరు జూ. పిల్లల వేసవి శిబిరాలకు అది చాలాకాలంగా పేరుపడింది. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌లోని నెహ్రూ జూ పార్కు, విశాఖలోని ఇందిరాగాంధీ జూ పార్కు ఇటీవలి ఏళ్లలో ఇలాంటివి నిర్వహించాయి.

నెహ్రూ జూ 1963 అక్టోబర్‌లో ప్రజలకు తెరుచుకుంది. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉంది. అక్కడి నిశాచర జీవుల గృహం పిల్లలకు మంచి పాఠశాల. లోపలి దీపాల వెలుగును పగలు తగ్గించి, రాత్రి పెంచుతారు. అందువల్ల రాత్రి తిరిగే జీవులు పగలే మేలుకుని కనిపిస్తాయి. విశాఖ జూ 1977లో మొదలైంది. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంటుంది. అంతరించే ప్రమాదంలో ఉన్న రేచుకుక్కల పునరుత్పత్తి కేంద్రం అక్కడుంది.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో జూలు వినోదం కోసం మాత్రమే నడవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించి జూల కోసం ప్రత్యేక అధ్యాయం చేర్చారు. దాని ప్రకారం 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ గుర్తింపు లేకుండా ఏ జూ నడవకూడదు. 1998 నాటి జాతీయ జూ విధానం సంరక్షణకు తోడ్పడటాన్ని జూల ప్రధాన లక్ష్యంగా పెట్టింది. ప్రజల్లో జంతువుల పట్ల అవగాహన, సానుభూతి పెంచడాన్ని అందులో భాగం చేసింది.

శిబిరానికి వెళ్లే ప్రతి పిల్లాడికీ తెలియాల్సిన సెక్షన్ ఒకటుంది. చట్టంలోని 38జె ప్రకారం జూలో జంతువులను ఏడిపించడం, గాయపరచడం, వాటికి తిండి పెట్టడం, అరుపులతో ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం నేరం. మంచి శిబిరంలో మొదటి గంట పాఠం ఇదే. జంతువును ఎత్తుకోనివ్వడం, దానితో సెల్ఫీ తీయించడం ఏదైనా శిబిరం ఆకర్షణగా చెబుతుంటే తల్లిదండ్రులు అక్కడే ఆగి ఆలోచించాలి.

శిబిరంలో ఏం చూస్తారు?

జూ పనులు ఎండ ముదరకముందే మొదలవుతాయి. జంతువు రాత్రి పెట్టింది తిన్నదా, పేడ ఎలా ఉంది, నడకలో తేడా ఉందా అని కీపర్ చూస్తాడు. అడవి జంతువు తన జబ్బును బయటపెట్టదు. బలహీనంగా కనిపించడమంటే వేటాడే జంతువుకు చిక్కడమే. అందుకే కీపర్ కన్ను డాక్టర్ పరికరం కంటే ముందు పనిచేయాలి.

తర్వాత మేత గది. పులులు, సింహాలకు చాలా జూలలో వారానికి ఒక రోజు ఉపవాసం ఉంటుంది. అడవిలో వాటికి రోజూ వేట దొరకదు కాబట్టి జీర్ణవ్యవస్థకు ఆ విరామం మంచిదన్నది కారణం. వేసవిలో నీళ్లు చిమ్మే యంత్రాలు, కూలర్లు, తడికెలు, పుచ్చకాయలు, చల్లటి పండ్ల ముక్కలు ఎందుకు వస్తాయో అప్పుడు అర్థమవుతుంది.

బోను నుంచి అడవికి దారి ఉందని చెప్పే కథలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన ల్యాకోన్స్, నెహ్రూ జూ కలిసి మూషిక జింకలను పెంచి, కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోకి వదిలాయి. కుందేలంత ఉండే ఈ జింకకు కొమ్ములుండవు. జూ ఎందుకు అన్న ప్రశ్నకు పిల్లలకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

నిజంగా నేర్చుకుంటారా?

జూకు తీసుకెళ్తే చాలు, పిల్లలు నేర్చుకుంటారన్నది తేలిగ్గా చెప్పే మాట. వార్విక్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎరిక్ జెన్సెన్ దాన్ని లండన్ జూలో పరీక్షించారు. 7 నుంచి 15 ఏళ్ల పిల్లలతో జూ చూడకముందు ఒకసారి, చూశాక ఒకసారి బొమ్మలు వేయించి, ఏం మారిందో పోల్చారు. 2014లో 'కన్జర్వేషన్ బయాలజీ' పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, జూ విద్యా సిబ్బంది వెంట ఉన్నప్పుడు 41 శాతం మంది పిల్లల్లో నేర్చుకున్న ఆనవాళ్లు కనిపించాయి. తమంతట తాము చూసినవారిలో అది 34 శాతం.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవాలి. చెప్పేవాళ్లుంటే ఫలితం పెరుగుతుంది. అయినా సగం మందికి పైగా పిల్లల్లో కొలవగలిగిన మార్పు కనిపించలేదు. పులి ఎదురుగా ఉన్నంత మాత్రాన పాఠం వచ్చేయదు. ఎవరు, ఏ భాషలో, ఎంతసేపు చెప్పారన్నదే ముఖ్యం. దోర్నపాల్ విషయంలో ఈ మాట ఇంకా బరువైనది.

దోర్నపాల్‌లో వేసవి అంటే

కుంట నుంచి సుక్మా వెళ్లే 30వ నంబర్ జాతీయ రహదారి మీద దోర్నపాల్ ఉంది. శబరి నది అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా. దక్షిణాన కుంట దాటితే చింతూరు, భద్రాచలం దారి. సంతలో గోండీ, దోర్లా, హల్బీ, తెలుగు, హిందీ, ఒడియా వినిపిస్తాయి. రాజధాని ప్రాంతంలో, నవా రాయ్‌పూర్‌లో జంగిల్ సఫారీ ఉంది. ఇక్కడి నుంచి అదైనా, హైదరాబాద్ జూ అయినా 400 కిలోమీటర్ల పైమాటే. ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే శిబిరం అన్న మాటకే ఇక్కడ అర్థం లేదు.

దూరం ఒక్కటే అడ్డు కాదు. నగరంలో వేసవి అంటే ఖాళీ. బస్తర్‌లో వేసవి అంటే పని. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది. ఏప్రిల్ చివర నుంచి మే వరకు తునికాకు. 50 ఆకుల కట్టలు 1,000 అయితే ఒక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో దాని ధరను రూ.4,000 నుంచి రూ.5,500కు పెంచింది. అంటే 50 ఆకులు కోసి, పేర్చి, కట్ట కడితే ఐదున్నర రూపాయలు. ఆ కొద్ది వారాల్లో ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్ని కట్టలు. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లల చేతులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మే నెలలో శిబిరం పెట్టి, పిల్లలు రాలేదని అనడం న్యాయం కాదు.

'అడవి బిడ్డలు' అన్న మాటతో చిక్కు

అడవిలో పుట్టినవాళ్లకు జూ పాఠాలెందుకు, వాళ్లకు అన్నీ తెలుసుగా అని చాలామంది అంటారు. పొగడ్తలా వినిపించే ఈ మాట గత 20 ఏళ్లలో ఇక్కడ జరిగినదాన్ని మరిచిపోతోంది.

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఆ తర్వాత లోపలి ఊళ్ల నుంచి వేలమంది రోడ్డు పక్క శిబిరాలకు వచ్చారు. వాటిలో పెద్దవాటిలో దోర్నపాల్ ఒకటి. మరెందరో సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వెళ్లారు. తెలుగు పత్రికల్లో గుత్తికోయలుగా కనిపించేవారిలో చాలామంది వాళ్లే. మావోయిస్టులకు, ప్రభుత్వ బలగాలకు మధ్య ఊళ్లలో బడులు కూలాయి, మూతపడ్డాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. మూతపడిన బడులకు బదులు రహదారి పక్కన పోర్టా క్యాబిన్లు వచ్చాయి. వెదురు తడికెలతో మొదలైన ఈ ఆశ్రమ పాఠశాలల్లో ఒక తరం చదువుకుంది.

శిబిరంలో పుట్టి, హాస్టల్‌లో పెరిగిన పిల్లలకు అడవి కళ్లెదుటే ఉంది, కానీ వెళ్లొద్దని పెద్దలు చెప్పిన చోటు అది. మందుపాతర భయం ఒకవైపు, అనుమానం భయం మరోవైపు. తాత నోట ఉన్న చెట్ల పేర్లు, అడుగుజాడల ఆనవాళ్లు మనవడికి చేరాలంటే ఇద్దరూ కలిసి నడవాలి. ఆ నడకే ఆగిపోయింది. హైదరాబాద్ పిల్లలకు కాంక్రీటు వల్ల అడవి దూరమైతే, ఈ పిల్లలకు యుద్ధం వల్ల దూరమైంది. ఇటీవలి ఏళ్లలో లోపలి ఊళ్లలో బడులు తిరిగి తెరుచుకుంటున్నాయి. అందువల్ల ఈ ప్రశ్న ఇప్పుడు అడగదగ్గదే.

ఇక్కడ పాము పాఠం ప్రాణాల పాఠం

నగరం పిల్లలకు సరీసృపాల గది ఒక వింత. సుక్మా పిల్లలకు అది బతుకు తెలివి. దేశంలో పాముకాటు మరణాలకు ప్రధానంగా కారణమయ్యేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, గాటు కనపడకపోవచ్చు. దోమతెరను పరుపు కింద దోపి పడుకోవడం, కాటు పడితే గట్టిగా కట్టు కట్టకుండా, కోయకుండా, నాటువైద్యం కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లడం అన్నవి జూ సిబ్బంది ఏ శిబిరంలోనైనా చెప్పే మాటలే. ఇవి హైదరాబాద్ కంటే ముందు దోర్నపాల్‌కు చేరాలి.

ఎలుగుబంటి సంగతి కూడా అంతే. ఇప్పపువ్వు మనిషికీ ఎలుగుకూ ఇష్టమే. ఇద్దరూ తెల్లవారుజామునే చెట్టు కిందికి వస్తారు. ఎలుగుకు చూపు తక్కువ, వాసన పసిగట్టే శక్తి ఎక్కువ. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గమనించక, ఉలిక్కిపడి మీద పడుతుంది. ఒంటరిగా కాకుండా గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లమని పెద్దలు చెప్పేది అందుకే.

బోను చేయలేనిది, పిల్లలు చేసినది

దోర్నపాల్‌కు దారి చూపే ఉదాహరణ బస్తర్‌లోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి పహాడీ మైనా, అంటే కొండగోరింక. దాని సంఖ్యను పెంచాలని జగదల్‌పూర్‌లో అటవీశాఖ పెద్ద బోను కట్టి ఏళ్ల తరబడి ప్రయత్నించినా ఫలితం రాలేదు. ఈ పక్షిలో ఆడామగా చూడటానికి ఒకేలా ఉండటం కూడా ఒక చిక్కు.

తర్వాత దారి మార్చారు. 1982లో జాతీయ ఉద్యానవనమైన కాంగేర్ లోయ, 200 చదరపు కిలోమీటర్ల అడవి, ఈ పక్షికి సొంత ఇల్లు. దాని చుట్టుపక్కల ఊళ్ల గిరిజన యువకులను 'మైనా మిత్ర'లుగా తీసుకున్నారు. చెట్టు తొర్రల్లో గూళ్లను కనిపెట్టడం, పక్షులను లెక్కరాయడం, ఊళ్లలో, బడుల్లో పిల్లలతో మాట్లాడటం వాళ్ల పని. అంతకుముందు అరుదుగా కనిపించిన గుంపులు మళ్లీ ఊళ్ల దగ్గర కనిపించసాగాయి. పక్షిని పిల్లల దగ్గరికి తేకుండా, పిల్లలనే పక్షికి కాపలాదారులను చేశారు.

దోర్నపాల్‌లో శిబిరం పెట్టాలంటే

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నాలుగు సంగతులు సరిచూసుకుంటే చాలు.

సమయం: మే కాదు. తునికాకు అయిపోయాక జూన్‌లో బడి తెరిచిన తర్వాత, లేదా దసరా, దీపావళి సెలవుల్లో.

భాష: గోండీ, దోర్లాలలో మొదలుపెట్టాలి. జంతువు పేరు పిల్లలు తమ భాషలో చెప్పాక హిందీ పేరు, తర్వాత తెలుగు పేరు. ఆ పట్టికే శిబిరం తొలి పుస్తకం అవుతుంది.

గురువులు: జూ నుంచి ఒక కీపరో పశువైద్యుడో, కాంగేర్ నుంచి ఒక మైనా మిత్ర, ఊరి నుంచి ఒక తాతో అమ్మమ్మో. ముగ్గురూ ఒకే చెట్టు కింద కూర్చోవాలి.

చోటు: బడి ఆవరణ, సంత, శబరి ఒడ్డు. లోపలి అడవిలోకి ఊరి పెద్దలు సరేనన్న దారిలోనే, పగటిపూటే. కంట పడ్డ లోహపు వస్తువును ముట్టుకోకూడదన్నది ఇక్కడ అదనపు నియమం.

ఏడాదికోసారి కొందరు పిల్లలను బస్సులో హైదరాబాద్ జూకు తీసుకెళ్లడం కూడా మంచిదే. పులిని చూడాలన్న సరదా ఏ పిల్లలకైనా ఒకటే. అయితే ఆ ప్రయాణం బహుమతిగా ఉండాలి, పాఠం మాత్రం ఊళ్లోనే జరగాలి. తిరుగు ప్రయాణంగా హైదరాబాద్ పిల్లలు కొందరు బస్తర్ వచ్చి, ఇప్పచెట్టు కింద తెల్లవారుజామున ఎందుకు మాట్లాడుకుంటూ నడవాలో ఇక్కడి పిల్లల దగ్గర నేర్చుకుంటే అది ఇంకా మంచి శిబిరం.

కదలకుండా నిలబడటం, చూసింది రాసుకోవడం, ముట్టుకోకుండా ఇష్టపడటం: జూ శిబిరం నేర్పేది చివరికి ఈ మూడే. వీటికి బోను అక్కర్లేదు. దోర్నపాల్‌లో కావాల్సింది భయం లేకుండా అడవి అంచున కాసేపు నిలబడగలిగే ఒక ఉదయం. అది దొరికిన రోజు 'క్యాంపు' అన్న మాటకు అక్కడ మూడో అర్థం పుడుతుంది.