కులం పుట్టుక, కులం అర్థం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నుండి ఒక చారిత్రక పరిశీలన

హిందూ సమాజంలో కులం ఎప్పుడు, ఎలా పుట్టిందనే ప్రశ్నపై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయితే సంఘ కాపరికి ఇది గ్రంథాలయంతో ముగిసిపోయే ప్రశ్న కాదు. నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతంలో బోయ, కురువ, కుర్ని, తొగట, మాల, మాదిగ అనేవి మన ఇరుగుపొరుగు వారి పేర్లు. కొన్ని మన సంఘాల్లోని వారి పేర్లు కూడా. కులమంటే ఏమిటో తెలియకుండా ప్రసంగిస్తే, దేనిని ఖండిస్తున్నామో మనకే స్పష్టంగా ఉండదు.

వర్ణం, కులం

ఋగ్వేదం పదవ మండలంలోని పురుషసూక్తం విరాట్ పురుషుని ముఖం, బాహువులు, తొడలు, పాదాల నుండి నాలుగు వర్ణాలు కలిగాయని చెబుతుంది. అక్కడ ఉన్నవి నాలుగే. మన తాలూకాలలో కులాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఈ చిక్కును విప్పడానికే మనుస్మృతి పదవ అధ్యాయం వర్ణసంకరం వలన అనేక జాతులు పుట్టాయని వాదించింది. అది కళ్లెదుట ఉన్న కులాలకు తరువాత కూర్చిన వివరణే గాని చరిత్ర కాదు.

కులాలు తమ గురించి చెప్పుకునే కథలు వేరుగా ఉంటాయి. బనగానపల్లె దగ్గరి నందవరం (ఇది మన నందవరం మండలం కాదు) పేరుతో నందవరీకులనే బ్రాహ్మణ శాఖ ఉంది. నంద చక్రవర్తి తమకిచ్చిన మాటకు సాక్షిగా కాశీ నుండి చౌడేశ్వరి నడిచి వచ్చిందని వారి కథ. ఇక్కడ ఒక శాఖకు పేరిచ్చింది పురుషుని అవయవం కాదు, ఒక ఊరు. మాదిగల జాంబపురాణం భూమి పుట్టకముందే జాంబవంతుడు ఉన్నాడంటుంది. శాస్త్రం తమకిచ్చిన స్థానాన్ని వారు మనస్సులో అంగీకరించలేదనడానికి ఇది గట్టి సాక్ష్యం.

జాతి, వృత్తి అనే వివరణలు

1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిస్లీ ముక్కుల కొలతలను బట్టి కులానికి మూలం జాతిభేదమని వాదించాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు. వృత్తియే కులమైందన్నది మరొక వాదన. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఈ ప్రాంతపు నేతపనిలో కుర్ని, తొగట, పద్మశాలి కులాల వారున్నారు. మగ్గం ఒకటే, నూలు ఒకటే. పెండ్లి సంబంధాలు మాత్రం వేర్వేరు. వృత్తియే కులమైతే వీరందరూ ఒక్క కులం కావలసింది.

శాసనాలు, జన్యుశాస్త్రం

కాకతీయుల కాలపు శాసనాలను పరిశీలించిన సింథియా టాల్బట్, వాటిలో మనుష్యులు కులం పేరుతో కంటే రెడ్డి, నాయక, సెట్టి, బోయ వంటి బిరుదులతోనే ఎక్కువగా కనబడతారని చూపించారు. కాకతీయులే పలు శాసనాల్లో తమను చతుర్థ వర్ణం వారిగా చెప్పుకున్నారు. అంటే హోదాలో కదలిక ఉండేది.

మరోవైపు 2009లో వెలువడిన జన్యు పరిశోధన ఆంధ్రలోని వైశ్యులు రెండు వేల ఏండ్లకు పైగా బయటివారితో దాదాపు కలవలేదని తేల్చింది. 2013 నాటి అధ్యయనం ప్రకారం భారతదేశంలో సుమారు 4,200 నుండి 1,900 సంవత్సరాల క్రితం వరకు జనసమూహాలు విస్తారంగా కలిశాయి; ఆ తరువాత కలయిక తగ్గిపోయింది.

ఈ రెండు సాక్ష్యాలు పరస్పర విరుద్ధం కావు. బిరుదు మారవచ్చు, సంపద మారవచ్చు, వర్ణం గురించిన వాదన కూడా మారవచ్చు. పెండ్లి గడప మాత్రం మారలేదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ చెప్పింది ఇదే: సొంత గుంపులోనే వివాహం చేసుకోవడమే కులానికి ప్రాణం.

ప్రభుత్వపు గీతలు

కులస్థానం ఎంత మానవ కల్పితమో బోయల చరిత్ర తెలుపుతుంది. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఆదోని ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు చెందాయి. 1991లో కర్ణాటకలో నాయకులతో పాటు బేడ, వాల్మీకి పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాయి. ఇటువైపు బోయలు బి.సి.-ఏ గానే మిగిలారు. వారిని షెడ్యూల్డు తెగలలో చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లోనూ 2023లోనూ తీర్మానించింది. బంధువర్గం ఒకటే, రాష్ట్రపు గీత రెండు పేర్లు పెట్టింది.

సంఘంలో కులం

1833లో బిషప్ డానియెల్ విల్సన్ సంఘంలో కులభేదాన్ని విడిచిపెట్టాలని దక్షిణాది సంఘాలకు ఆజ్ఞ పంపాడు. ఒంగోలులో క్లౌ దొర కాలంలో బాప్తిస్మం పొందినవారిలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కడప, కర్నూలు ప్రాంతాల లండన్ మిషన్, ఎస్.పి.జి. సంఘాలలో మాలలు అధికులు. సువార్త వారికి చదువునిచ్చింది, ఆత్మగౌరవమిచ్చింది. కాని మిషన్ల హద్దులు చాలాచోట్ల కులాల హద్దులతో కలిసిపోయి, మాల సంఘం, మాదిగ సంఘం అనే మాటలు వాడుకలోకి వచ్చాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. మన రాష్ట్రంలో వారు బి.సి.-సి కిందికి వస్తారు. చట్టం వారిని కులం నుండి తొలగించింది గాని గ్రామం తొలగించలేదు. వారి న్యాయమైన కోరిక పక్షాన సంఘం నిలబడాలి.

అయితే చట్టం వలన కలిగిన బాధను చూపి మన లోపలి గోడను సమర్థించుకోలేము. ఒకే పాత్రలో ప్రభువు బల్లలో పాలుపొందుతాము. సంబంధం మాట రాగానే వేరవుతాము. కులానికి ప్రాణం వివాహంలోనే ఉంటే, బల్ల దగ్గర చంపామనుకున్న కులాన్ని పెండ్లిపందిట్లో మనమే బ్రతికిస్తున్నాము. గలతీ 3:28, ఎఫెసీ 2:14 పై ప్రసంగాలు ఈ స్థలం వరకు రావాలి. యౌవనుల బోధ తరగతుల్లో వివాహపాఠంతో పాటు కులచరిత్ర చెప్పాలి. కులం దాటి వివాహమాడిన విశ్వాసులకు సంఘ పెద్దలు బహిరంగంగా అండగా నిలవాలి. తమ పిల్లల సంబంధాల విషయంలో కాపరుల కుటుంబాలు ఏమి చేస్తాయో సంఘం గమనిస్తూనే ఉంటుంది. వేదిక మీది ప్రసంగం కంటే దానినే ఎక్కువగా నమ్ముతుంది.