ఆరో స్థానంలో ఒక్క అక్షరం

1904లో గ్రెనడా దీవి నుంచి పళ్ల వైద్యం చదవడానికి షికాగో వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే యువకుడు జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. యువవైద్యుడు ఎర్నెస్ట్ ఐరన్స్ అతని రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొన్ని కొడవళ్లలా వంగి కనిపించాయి. ఆయన పైవైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి ప్రచురించాడు కానీ, కారణం మాత్రం అంతుచిక్కలేదు. నోయెల్ స్వదేశం వెళ్లి పళ్ల వైద్యం చేస్తూ 1916లో న్యుమోనియాతో చనిపోయాడు.

ఆ కారణం జన్యువుల్లో ఉంది. జన్యువుల్లో మార్పులు, అంటే ఉత్పరివర్తనలు, ఎలా వస్తాయన్న వెతుకులాట అప్పట్లో పండ్ల ఈగల మీద సాగింది. ఎక్స్‌రేలు సోకితే ఈగల సంతానంలో మార్పులు ఎన్నో రెట్లు పెరుగుతాయని హెర్మన్ మల్లర్ 1927లో చూపించాడు. మస్టర్డ్ గ్యాస్ లాంటి రసాయనాలూ అదే పని చేస్తాయని రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎడిన్‌బరోలో షార్లెట్ అవర్‌బాక్ నిరూపించింది. ఇవేవీ లేకున్నా, డీఎన్‌ఏకు నకలు తయారయ్యేటప్పుడు అక్షరదోషాలు దొర్లుతుంటాయి. చాలావాటిని కణమే దిద్దుకుంటుంది. మిగిలిపోయినవాటిలోనూ ఎక్కువ భాగం ఏ హానీ చెయ్యవు.

కొన్ని చేస్తాయి.

నోయెల్‌కు వచ్చిన కొడవలి కణాల జబ్బు, అంటే సికిల్‌సెల్, ఉన్న రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో మామూలుదానికి భిన్నంగా కదులుతోందని 1949లో లైనస్ పాలింగ్ బృందం కనిపెట్టింది. జబ్బు మూలం ఒక అణువులో ఉందని తేలింది కానీ, అందులో ఎక్కడ? కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రమ్ హిమోగ్లోబిన్‌ను ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, ఆ ద్రావణాన్ని తడి వడపోత కాగితం మీద వేశాడు. ఒక దిశలో కరెంటుతో, అడ్డదిశలో ద్రావకంతో ముక్కలను విడదీసి రంగు తేల్చాడు. సుమారు 30 మచ్చలు వచ్చాయి. రోగి కాగితాన్ని, ఆరోగ్యవంతుడి కాగితాన్ని పక్కపక్కన పెడితే తేడా ఒక్క మచ్చలోనే! ఆ మచ్చలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరిందని 1957 నాటికి స్పష్టమైంది. హిమోగ్లోబిన్‌లోని 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులో అది ఆరో స్థానం. డీఎన్‌ఏలో ఆ మార్పు ఇంకా చిన్నది: ఎ ఉండాల్సిన చోట టి. ఆ ఒక్క అక్షరం వల్ల ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులు కడతాయి. కణం వంకర తిరిగి సన్నటి రక్తనాళాలకు అడ్డుపడుతుంది. ప్రాణం తోడేసే నొప్పి అక్కడి నుంచే వస్తుంది. ఒక జన్యువులోని దోషం ప్రొటీన్‌ను ఎలా మారుస్తుందో ప్రపంచం మొదటిసారి కళ్లారా చూసింది ఇంగ్రమ్ కాగితం మీదే.

ఇంత కీడు చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? 1954లో ఆంథోనీ ఆలిసన్ జవాబు చెప్పాడు: తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ జన్యువు పొందినవారికి ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. మన్యం మలేరియాకు నెలవు. నీలగిరి గిరిజనుల్లో 1952లోనే బయటపడ్డ ఈ జన్యువు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ గూడేల్లోనూ ఉంది.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఈ జబ్బుకు ఒక జన్యు సవరణ చికిత్సను ఆమోదించాయి. అప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. గూడెంలో బిడ్డకు అది అందని వైద్యమే. ఆ బిడ్డకు ఇవాళ కావలసింది రక్తపరీక్ష, క్రమం తప్పని హైడ్రాక్సీయూరియా మాత్రలు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఈ జన్యువున్న ప్రాంతాల్లో పెళ్లి మాటలప్పుడే వధూవరులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కో ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.