గారపళ్ళ గుట్టు

1931. అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఒక అల్యూమినియం కంపెనీ ప్రయోగశాల. బాక్సైట్ అనే గనుల ఊరి నుంచి వచ్చిన నీళ్ళ పరీక్ష ఫలితం ముఖ్య రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ ముందుకొచ్చింది. నీళ్ళలో ఫ్లోరైడ్! చర్చిల్ మండిపడ్డాడు. తాగే నీళ్ళలో ఫ్లోరైడేమిటి, నమూనాలో ఏదో కలిసిపోయి ఉంటుంది, వెంటనే ఇంకోటి తెప్పించమన్నాడు. తెప్పించారు. అదీ అదే మాట చెప్పింది. లీటరుకు 13.7 మిల్లీగ్రాములు.

చర్చిల్ ఆ సంగతి డాక్టర్ ఫ్రెడరిక్ మెకేకి ఉత్తరం రాశాడు. మెకే ఆ జవాబు కోసం ముప్ఫై ఏళ్ళుగా వెతుకుతున్నాడు.

1901లో మెకే కొలరాడో స్ప్రింగ్స్‌లో పళ్ళ డాక్టరుగా ప్రాక్టీసు పెట్టాడు. అక్కడే పుట్టి పెరిగిన వాళ్ళలో చాలామంది నోరు తెరిస్తే చాలు, పళ్ళ మీద చాక్లెట్ రంగు మరకలు. తోమితే పోవు, గీకితే పోవు. 1909లో దంతవైద్యంలో మహామహుడు జి.వి. బ్లాక్ వచ్చి చూసి విస్తుపోయాడు. ఇద్దరూ కలిసి రెండు విషయాలు తేల్చారు. చిన్నతనంలో, పళ్ళు తయారయ్యే వయసులోనే ఈ గార పడుతుంది. చిత్రమేమిటంటే, ఆ గారపళ్ళు తొందరగా పుచ్చవు.

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లే ఊరి తల్లిదండ్రులు మెకేకి కబురుపెట్టారు. ఐదు మైళ్ళ దూరంలోని వేడినీటి ఊట నుంచి పైపు వేసుకున్నాకే పిల్లల పళ్ళకు గార పట్టిందన్నారు. మెకే ఆ నీళ్ళు పరీక్షించాడు. అనుమానించదగ్గదేమీ దొరకలేదు. అయినా ఆ పైపు మానేసి వేరే ఊట నీళ్ళు వాడమన్నాడు. ఊరు మాట విన్నది. కొన్నేళ్ళకే చిన్నపిల్లలకు పళ్ళు తెల్లగా రావడం మొదలైంది.

చర్చిల్ ఉత్తరంతో ముడి వీడింది: ఆ గారకు కారణం నీళ్ళలోని ఫ్లోరైడే. తర్వాత ప్రభుత్వ దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ కొలత తేల్చాడు: లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర గార దాదాపు పట్టదు, పుచ్చు తగ్గుతుంది. 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ పట్టణం కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పుచ్చుపళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయి.

మన దగ్గర కథ దీనికి తలకిందులు. పొదిలి, దర్శి ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే నమోదు చేశారు. నల్లగొండలో అది పళ్ళతో ఆగక ఎముకలను వంచింది. అమెరికాలో కలపాల్సిన అవసరం పడింది, ఇక్కడ తీసెయ్యాల్సిన అవసరం.

మన ప్రమాణాల ప్రకారం తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే, తాగేది బోరు నీళ్ళయితే, ముందు పరీక్ష చేయించండి. పళ్ళ మీద పడ్డ గార తర్వాత ఏ మంచినీళ్ళతోనూ పోదు.