యాత్రా పరికరములు: నాడు, నేడు

దండయాత్రలను గూర్చి విరివిగా వ్రాసిన చరిత్రకారులు, ఆ దండుల గుడారములను మోసినవారిని గూర్చి స్వల్పముగానే చెప్పిరి. 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ‘అయినీ అక్బరీ’ ఈ విషయమున కొంత నయము. అక్బరు విడిదికి రెండు జతల గుడారములుండెడివి. ఒకటి వాడుకలో నుండగా రెండవది ముందు మజిలీకి పోయెడిది. ఒక్కొక్క జతకు 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాండ్రు కావలెనని ఆ గ్రంథము లెక్క చెప్పుచున్నది.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణము ఏనుగుల వీరాస్వామయ్యగారిది. వారును మనవలె ఉద్యోగియే. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830 మే 18వ తేదీన బయలుదేరి, కాశీ సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిరి. సుమారు నూరుమంది పరివారము, పల్లకీ, డేరాలు వెంట నడచినవి. 1838లో అచ్చయిన వారి ‘కాశీయాత్ర చరిత్ర’ మజిలీ మజిలీకి నీటివసతిని, అంగళ్లను, దొరకు వస్తువులను తెలుపును. తరువాతి యాత్రికునికి డేరాకంటె ఆ సమాచారమే పెద్ద సహాయము.

తడిసిన నూలుగుడ్డ బరువు మోసినవానికే తెలియును. 1935లో అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలయందు నైలాను పుట్టిన పిదప, క్రమముగా గుడారము పశువుల వీపునుండి మనుజుని వీపుసంచిలోనికి వచ్చినది. నేడు అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ భోజనశాలయందు వరుసలో నిలుచున్న ఉద్యోగి, తన వంతు వచ్చులోపల ఫోనుపై గుడారమును కొనగలడు. అయితే అంగడిలో గుడ్డను వ్రేళ్లతో నలిపిచూచు సౌకర్యము ఇందు లేదు. అంకెలే ఆధారము.

ఆ అంకెలను చదువుట నేర్వవలెను. గుడారపు గుడ్డకు మిల్లీమీటర్లలో చెప్పునది, అది ఎంత ఎత్తు నీటిస్తంభపు ఒత్తిడికి ఓర్చునో తెలుపు కొలత. శయనసంచికి సాధారణముగా మూడు ఉష్ణోగ్రతలు చెప్పుదురు. మొదటిది సుఖనిద్రకు, రెండవది ముడుచుకొని పండుకొన్నవానికి హద్దు, మూడవది కొన్ని గంటలు ప్రాణము నిలుపుకొనుటకు మాత్రమే. అమ్మకపు ప్రకటనలో మూడవదానినే పెద్ద అక్షరములతో చూపినచో, దానిని నమ్మి హిమాలయములకు పోవుట అపాయము. వీపుసంచిని లీటర్లనుబట్టియే గాక, మన వెన్ను పొడవునుబట్టియు ఎంచవలెను. వస్తువు ఇంటికి చేరినపిమ్మట, తిరిగి పంపు గడువు దాటకముందే, సంచిని బరువుతో నింపి మేడమెట్లు ఎక్కి చూచుట, గుడారమును డాబాపై ఒకసారి నిలిపి చూచుట మంచిది.

2014 మే 25న పదునాలుగేండ్లయినను నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్టు నెక్కినది. ఆమెకు మంచి పరికరములేగాక, డార్జిలింగు మొదలగుచోట్ల పొందిన శిక్షణయు తోడ్పడినది. శిక్షణ పెట్టెలో వచ్చునది కాదు.

మరియొక మాట. సామాను ఎంత తేలికయైనను, కొండదారులలో మన బరువును మోయు కూలీలు నేటికిని కలరు. వీరాస్వామయ్యగారి పరివారమున పేరు తెలియనివారెందరో, మన యాత్రలయందును అందరే. మనకై శయనసంచిని ఎంచుకొనునాడు, మన సామాను మోయువాడు ఆ రాత్రి ఏమి కప్పుకొనునని విచారించి, లేనిచో దానిని కూడ సన్నాహపు పట్టికలో చేర్చుట మన విధి.