ఓటు ఊళ్లో, మనిషి గల్ఫ్‌లో

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ వాళ్లెవరైనా దుబాయ్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్నారా? ఇంకా ఇండియన్ పాస్‌పోర్టేనా? మరి వాళ్లకి ఇక్కడ ఓటుందా, లేదా?

నేను అడిగినవాళ్లలో కొందరు "దేశం వదిలి వెళ్లాక ఓటేంటి?" అన్నారు. ఇంకొందరు "ఫోన్‌లో వేసేయొచ్చు కదా" అన్నారు. రెండూ తప్పే. అసలు కథ 1950 నుంచి ఉంది.

ఆ ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టం వచ్చింది. ఓటరు జాబితాలో పేరుండాలంటే ఆ నియోజకవర్గంలో మామూలుగా నివసిస్తూ ఉండాలని రాశారు. ఊళ్లో సొంతిల్లు ఉంటే చాలదు, మనిషి ఉండాలి. సైనికులకి, విదేశాల్లో పనిచేసే మన ప్రభుత్వ ఉద్యోగులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే చూడండి, గల్ఫ్‌లో మన ఎంబసీలో కూర్చున్న ఆఫీసర్‌కి ఓటుంది. అదే ఎంబసీకి పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం వచ్చిన కూలీకి లేదు!

1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగింది. కేరళ నుంచి లక్షల మంది వెళ్లారు. మన జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచీ వెళ్లారు. వాళ్లు పంపిన డబ్బుతో ఊళ్లో ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు చదువుకున్నారు. కానీ ఆ ఊరి ఎమ్మెల్యే ఎవరో తేల్చేటప్పుడు వాళ్ల మాట లెక్కలో లేదు.

చివరికి 2010లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2011 ఫిబ్రవరి నుంచి అమలైంది. ఫారం 6ఏ నింపితే, పాస్‌పోర్టులో ఉన్న ఇండియా అడ్రస్ ప్రకారం ఆ ఊరి జాబితాలోనే పేరు ఎక్కుతుంది. బాగుంది కదా? మెలిక ఇక్కడే ఉంది. ఓటు వేయాలంటే ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకుని ఆ పోలింగ్ బూత్‌కి స్వయంగా రావాలి.

ఫలితం ఏంటో 2024 లోక్‌సభ ఎన్నికల్లో చూడండి. కోటి మందికి పైగా ఎన్నారైలుంటే, నమోదైంది 1,19,374 మంది. వచ్చి ఓటేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే.

మార్చే ప్రయత్నాలు జరగలేదా అంటే, జరిగాయి. మన తరఫున ఇంకొకరు ఓటేసే ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభలో పాసైంది. రాజ్యసభ దాటకుండానే 2019లో సభ రద్దవడంతో మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘం పోస్టల్ బ్యాలెట్‌కి తాము సిద్ధమని కేంద్రానికి రాసింది. అదీ అక్కడే ఆగింది.

భయాలూ ఉన్నాయి. ప్రాక్సీ అయితే మనం చెప్పిన గుర్తుకే వేశారని నమ్మకమేంటి? పోస్టల్ అయితే లేబర్ క్యాంపులో పక్కవాడి ముందు, మేస్త్రి ముందు రహస్యం నిలుస్తుందా? న్యాయమైన ప్రశ్నలే. కానీ అదే గల్ఫ్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లకి 2003లోనే చట్టం వచ్చింది. 2004 నుంచి తాము ఉన్న దేశం నుంచే ఓటేస్తున్నారు.

నా మాట ఒక్కటే. టికెట్ కొనగలిగినవాడికే అందే ఓటు, హక్కులా కనిపించే ఖర్చు. సెలవు దొరకని కూలీకి అది కాగితం మీద ఉన్న ఓటే.

అయినా పేరు మాత్రం ఎక్కించుకోమనండి. 18 నిండి, వేరే దేశం పౌరసత్వం తీసుకోకుండా ఉంటే చాలు, ఫారం 6ఏ ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు. జాబితాలో లక్ష మందే ఉన్నంతకాలం "వీళ్లకోసం ఇంత ఏర్పాటెందుకు?" అనడం ఎవరికైనా తేలికే. ఈ వీడియోని ఈ రాత్రే మీ అన్నకో, బాబాయికో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.